తలకు కోటి

చూశారు కదా. నేనూ చూశాను. పొద్దున్న కాఫీ వేళకి మా బావగారు పంపారు, ఆయన తర్వాత వియ్యపురాలు, ఆవిడ తర్వాత గ్యాస్ సిలిండర్ వేసే కుర్రాడు. మధ్యాహ్నానికి మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనే నాలుగుసార్లు వచ్చింది. ప్లాస్టిక్ మగ్గు, మగ్గులో కాసిని నీళ్లు, నీళ్లలో ప్రాణభయంతో మెలికలు తిరుగుతున్న నల్లటి దారప్పోగు. వెనకాల ఎవరో అవతారమూర్తి ప్రత్యక్షమైనప్పుడు వేసే సంగీతం. తెర మీద ఎర్రటి అక్షరాలు: రెండు తలల పాము, ధర రెండు కోట్లు.

అంటే తలకు కోటి. లెక్క బాగానే ఉంది. ఈ రేటున రావణాసురుడు దొరికితే పది కోట్లు. ఆదిశేషుడికి వెయ్యి తలలు గనక వెయ్యి కోట్లు. అంత ఆస్తిని పరుపుగా పరచుకుని విష్ణుమూర్తి పడుకున్నాడు. సాక్షాత్తూ లక్ష్మీదేవి, రోజూ కాళ్ల దగ్గరే కూర్చుని కూడా, ఈ సంగతి గమనించలేదు. గమనించడానికి ఆవిడకు వాట్సాప్ ఉండాలిగా.

వీడియో కింద వ్యాఖ్యలు ఇంకా బాగున్నాయి. 'మగదైతే నాలుగు కోట్లు' అని ఒకాయన తేల్చేశాడు. ఆయన సంగతి తర్వాత చూద్దాం, మరిచిపోను.

మా అపార్ట్‌మెంట్‌కి ఈ వీడియోతో ప్రత్యేక బంధుత్వం ఏమిటంటే, సరిగ్గా అలాంటిదే వారం తిరక్కుండా మా మూడో అంతస్తులో బాత్రూమ్ జాలీ దగ్గర కనిపించింది. ఇంకేముంది. కొందరు కర్రలు తెచ్చారు, కొందరు ఫోన్లు తెచ్చారు, ఒకాయన తూకం మిషన్ తెచ్చాడు. నిజంగానే తెచ్చాడు, వంటింట్లో పిండి తూచుకునే మిషన్. దాని మీద పెడితే అంకె కదల్లేదు. కదిలితే మహా అయితే ఒక గ్రాము. కోట్ల మాట పక్కన పెట్టి కేజీ రెండు కోట్లని కట్టినా ఇరవై వేలు. దానికి ఇంతమంది వాటాదారులు.

అప్పుడు వాచ్‌మన్ భార్య వచ్చింది. చీపురు పక్కన పెట్టి, ఆ పోగును అరచేతిలోకి ఎత్తుకుని, 'ఇది గుడ్డిపావండి బాబూ, ఏటీ సెయ్యదు, మా సేల్లో బోల్డుంటాయి' అని తీసుకెళ్లి కింద మట్టిలో వదిలేసింది. ఇంజినీర్లు, బ్యాంకు మేనేజర్లు, ఒక చర్మవ్యాధుల డాక్టరు గారు, నోరు తెరుచుకుని చూశారు. ఇంత చదువు మధ్య ఆ మాట తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

ఔను, గుడ్డిపాము. జానెడు కూడా ఉండని, వానపామని పొరబడే ఒంటి పోగు. కాకపోతే వానపాముకి ఒంటినిండా కట్లు కట్లుగా ఉంటాయి, దీనికి పొలుసులు. ఒంటి చుట్టూ ఎక్కడ లెక్కపెట్టినా ఇరవై వరసలు. కళ్లంటే పొలుసుల కింద రెండు చుక్కలు. వెలుగో చీకటో తెలుస్తుంది, అంతే. గుడ్డికన్ను మూస్తేనేం తెరిస్తేనేం అంటారు. దీనికి మూయడానికి రెప్ప కూడా లేదు. విషం లేదు. కరుద్దామన్నా కింది దవడకు పళ్లే లేవు. ఇక రెండో తల. తల ఎంత లావో తోకా అంతే లావు, తోక చివర బుల్లి ముల్లు. ఆ ముల్లును మట్టిలో ఆనించుకుని ముందుకు తోసుకుంటుంది. పట్టుకుంటే అదే వేలికి కాస్త గుచ్చుకుంటుంది. మనం కోటి రూపాయలు కట్టిన రెండో తల ఇదీ.

'తోకతో కుడితే చస్తారు' అంటారు. చావరు. 'తాచుపాము పిల్ల' అంటారు. తాచు పిల్ల పుట్టిన రోజునే పడగ విప్పుతుంది. దీనికి విప్పడానికి పడగ లేదు. 'చెవిలో దూరి మెదడు తినేస్తుంది' అంటారు. దీని తిండి చెదపురుగులు, చీమలు, వాటి గుడ్లు, పిల్లపురుగులు. కాబట్టి మామూలువాళ్లు నిశ్చింతగా పడుకోవచ్చు, తలకాయ లోపల చెదలు పట్టినవాళ్లు మాత్రం చెవుల్లో దూది పెట్టుకోవాలి.

చెదలంటే గుర్తొచ్చింది. మా ఇంటి టేకు ద్వారబంధాన్ని చెదలు తినేశాయి. మందు కొట్టినవాళ్లు పట్టుకెళ్లిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆ పనిని కూలి అడక్కుండా నేల కింద చేసేది ఈ గుడ్డిదే. నాగులచవితి నాడు పట్టుబట్టలు కట్టుకుని పుట్టలో పాలు పోస్తాం. పుట్ట కట్టింది చెదపురుగులు, తాచుపాము అందులో అద్దెకు దిగేది. అలాంటి చోట చెదపురుగుల సంతానాన్నే తిని బతికే పాము మాత్రం ఇది. దానికి పాలూ లేవు, చలిమిడీ లేదు. దొరికితే మగ్గులో ముంచి వీడియో తీస్తాం.

జపాన్‌లో ఇద్దరు పరిశోధకులు 2015లో ఒక సంగతి ప్రచురించారు. ఈ పాము చెదపురుగును మింగేటప్పుడు చాలాసార్లు తల విరిచి పక్కన పడేసి ఒళ్లు మాత్రమే తింటుందట. మింగినా ఆ తల సరిగా అరగదు. తల పనికిరాదని తెలుసుకుని వదిలేసే జంతువు అది. దానికి లేని తలను లెక్కగట్టి కోటి అడిగే జంతువులం మనం.

ఇప్పుడు మగదైతే నాలుగు కోట్లన్న ఆయన దగ్గరికి వద్దాం. అయ్యా, ఈ జాతిలో మగది లేదు. దొరకడం కష్టమని కాదు, అసలు లేనే లేదు. అన్నీ ఆడవే. తల్లి మగతోడు లేకుండా నాలుగైదు, మహా అయితే ఎనిమిది గుడ్లు పెడుతుంది. అందులోంచి వచ్చేవన్నీ ఆడపిల్లలే, అన్నీ అచ్చు తల్లి పోలికే. రోనాల్డ్ నస్‌బౌమ్ అనే పాముల శాస్త్రవేత్త సీషెల్స్ దీవుల్లో దొరికిన వాటిని పరిశీలించి 1980లో దీని మీద రాశాడు. మామూలు జంతువులకు క్రోమోజోములు రెండేసి సెట్లుంటే దీనికి మూడేసి సెట్లున్నాయని 1987లో మరికొందరు చూపించారు. పూర్తిగా మగజాతి ఊసే లేకుండా నడిచే పాము జాతి లోకంలో ఇదొక్కటే ఇంతవరకు తెలిసింది. వింత కావాలన్నారు కదా, ఇదిగో వింత. మన పెరట్లో, మన తులసికోట కింద ఉంది. దీనికి మాత్రం ఎవరూ సంగీతం వెయ్యరు. లేని తలకైతే వేస్తారు.

అలా ఒంటరిగా సంసారం నడుపుకోగలదు గనకనే ఇది లోకమంతా తిరిగింది. ఒక పూలకుండీ మట్టిలో ఒక్కటి వెళితే చాలు, అక్కడ వంశం నిలబడుతుంది. అందుకే ఇంగ్లీషువాళ్లు దీన్ని పూలకుండీ పాము అంటారు. హవాయి దీవుల్లో నేల మీద బతికే పాములే ఉండేవి కావు. 1930లో ఇది మొక్కల మట్టిలో దిగింది, ఈ రోజుకీ అక్కడ స్థిరపడ్డ నేలపాము ఇదొక్కటే. ఫ్లోరిడాలో ఉంది, మెక్సికోలో ఉంది, ఆస్ట్రేలియాలో డార్విన్ దగ్గర ఉంది. హెచ్‌వన్‌బీ లేదు, కన్సల్టెన్సీకి కట్టిన డబ్బు లేదు, చిలుకూరు బాలాజీకి నూటెనిమిది ప్రదక్షిణలు లేవు.

మా విశాఖవాళ్లం దీని గురించి కాస్త గొప్పగానే చెప్పుకోవాలి. ఈ పాము శాస్త్రలోకంలోకి వెళ్లింది మా ఊరి నుంచే. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు, తమ్ముడు క్లాడ్ వైజాగపటంలో కంపెనీ ఉద్యోగం చేస్తుంటే ఆయనతో వచ్చి, ఈ తీరంలో పాములు పోగేసి, బొమ్మలు గీయించి, 1796లో లండన్‌లో పెద్ద పుస్తకం వేశాడు. బొమ్మ బొమ్మకూ ఇక్కడివాళ్లు చెప్పిన పేరు, ఆయన చెవికి విన్నట్టు. రక్తపింజరకు కాటుక రేకుల పొడ అని రాసుకున్నాడు, ఎంత అందమైన పేరు! ఈ గుడ్డిపాము బొమ్మ దగ్గర రాసుకున్నది 'రొండూ తలూలూ పామ్'. ఏడేళ్ల తర్వాత, 1803లో, ప్యారిస్‌లో దౌదాఁ అనే ఆయన ఆ బొమ్మనే ఆధారం చేసుకుని దీనికి లాటిన్ పేరు పెట్టాడు. 2014 నుంచి ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్ అంటున్నారు.

అంటే ఏమైంది? రెండు వందల ముప్ఫయ్యేళ్ల కిందట వైజాగులో ఎవరో కూలీవాడు దొరగారికి 'రెండు తలల పామండి' అన్నాడు. తోకా తలా ఒకేలా ఉన్నాయని అన్న మాట. దొరగారు రాసుకున్నారు, అంతటితో సరి. ఆ కూలీవాడు దానికి కోటి అడగలేదు. నాలుగు కాసులైనా అడిగాడో లేదో. మనం చదువుకున్నాం, గనక అడుగుతున్నాం.

ఇంకొకటి. అదే 1803లో అదే దౌదాఁ, రస్సెల్ పుస్తకంలోని 'బంగారం పామ' అనే మన తెలుగు మాటనే తీసుకుని కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. పేరులోనే బంగారం ఉన్న పాము అది. ఇది తెలిశాక ఒక ప్రమాదం ఉంది, రేపో మాపో ఎవడో కట్లపాము తులం ఇంత అని మొదలుపెడతాడు. అయితే ఆ వ్యాపారం ఎక్కువ రోజులు సాగదు. సరుకే చూసుకుంటుంది.

సరే, అసలు కోట్ల కథ ఈ బక్కదానిది కాదని నాకు తెలుసు. రెండు తలల పాము అంటే మన పల్లెల్లో చెప్పేది ఎర్రటి మట్టిపాము, మొద్దు తోకది. ఎలుకలు తిని రైతు పంట కాపాడే సాధుజంతువు. భయం వేస్తే తలను చుట్టల కింద దాచుకుని తోకను పైకెత్తుతుంది, శత్రువు తోకను తల అనుకోవాలని. నక్కనో డేగనో బోల్తా కొట్టించడానికి పుట్టిన ఉపాయం. దానికి పూర్తిగా బోల్తా పడ్డ ఏకైక ప్రాణి మనిషి. ఆ కథను తెచ్చి ఇప్పుడు కుండీలో పాముకి అంటించారు. బెల్లం ఉన్న చోటికి చీమలొస్తాయని, ఇక్కడ ఈగలు కూడా వచ్చాయి.

నాకు ఈ వ్యాపారంలో నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒక్కటే. కొనేదెవరు?

ఈ ప్రశ్న నేను పదిహేనేళ్లుగా అడుగుతున్నాను. దొరికిన జవాబు: 'పార్టీ ఉంది సార్.' పార్టీ ఎక్కడుంటుంది? మలేషియాలో. ఇంకొకడిని అడిగితే దుబాయ్‌లో. ఇంకొకడు గొంతు తగ్గించి, ఇటూ అటూ చూసి, 'పైనుంచి' అంటాడు. ఎంత పైనుంచో చెప్పడు. పార్టీకి పాము ఎందుకయ్యా? క్యాన్సర్ మందుకి. కాదు, లంకెబిందెలు చూపిస్తుంది. కాదు కాదు, రాకెట్లలో వాడతారు. ఒకే పాము ఆసుపత్రిలోనూ అంతరిక్షంలోనూ పడకగదిలోనూ పనికొస్తుంది. మనం మాత్రం ఎలుకలకి తప్ప దేనికీ వాడుకోలేకపోయాం.

పార్టీ తిన్నగా రాడు. పట్టినవాడు ఊరి బ్రోకరుకి చెబుతాడు, ఊరి బ్రోకరు మండలం బ్రోకరుకి, మండలం బ్రోకరు పట్నంలో లాడ్జికి. లాడ్జిలో పార్టీ తాలూకు సైంటిస్టు దిగుతాడు. ఆయన నెరిసిన ఫ్రెంచి గడ్డం పెట్టుకుంటాడు, నల్ల సూట్‌కేసు తెస్తాడు, పాము మీద టార్చి వేసి తల పంకిస్తాడు. రైస్ పుల్లింగ్ చెంబును పరీక్షించిన సైంటిస్టూ, పాత టీవీలో ఎర్ర పాదరసం వెతికిన సైంటిస్టూ, ఇరవై గోళ్ల తాబేలు గోళ్లు లెక్కపెట్టిన సైంటిస్టూ ఈయనే. మన దేశంలో ఇన్ని శాఖల్లో ఇంత ప్రావీణ్యం ఉన్న శాస్త్రవేత్త మరొకడు లేడు. ఆయన టెస్టింగ్ ఛార్జీలు మాత్రం సరుకువాడే కట్టాలి. రెండు కోట్లు పెట్టి కొనే పార్టీ దగ్గర ఆటో ఛార్జీలకు చిల్లర ఉండదు.

సరుకుకి పావు కేజీ తక్కువైందంటాడు సైంటిస్టు. ఎప్పుడూ పావు కేజీ తక్కువే. ఏ పామూ ఇంతవరకు సరిగ్గా తూగలేదు. కేజీ ముప్పావుది తెస్తే రెండు కావాలంటాడు, రెండుది తెస్తే రెండుంబావు. పెళ్లిచూపుల్లో మాట తప్పే మగపెళ్లివారు కూడా ఇంత నిలకడగా తప్పరు.

మరి డబ్బు సంచీతో నిజంగా వచ్చిన పార్టీ ఒక్కరూ లేరా అంటే, ఉన్నారు. పేపర్లలో వాళ్ల ఫొటోలు కూడా పడతాయి, మఫ్టీలో వెళ్లిన అటవీశాఖ వాళ్లవి, పోలీసులవి. కొనేవాళ్లలా నటించి, బేరమాడి, సరుకుతో సహా పట్టుకుంటారు. ఇన్నేళ్ల ఈ మహావ్యాపారంలో నేను పేపర్లో చూసిన కొనుగోలుదారు సర్కారు ఒక్కటే. అదీ డబ్బివ్వదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసిస్తుంది.

నవ్వుతూ మొదలుపెట్టాను గానీ ఇక్కడికి వచ్చేసరికి నవ్వు రావడం లేదు. ఆ ఫొటోల్లో ముఖాలు చూశారా ఎప్పుడైనా? తువ్వాలు ముఖానికి కప్పుకుని, అరుగు మీద కూర్చోబెట్టిన నలుగురు. కూలీవాడు, ఆటోవాడు, ఒక నిరుద్యోగి, ఒక చిన్న రైతు. సైంటిస్టు ఉండడు. వీడియో చేసినవాడు ఉండడు. వాడు ఆ పాటికి రెండో భాగం తీస్తుంటాడు. కూతురి పెళ్లి అప్పు తీరుతుందనుకుని పొలం గట్టు తవ్వినవాడు జైలుకి పోతాడు, వాయిదాలకు తిరగడానికి ఉన్న గేదెను అమ్ముకుంటాడు. వాడికి ఈ కోట్ల కథ ఎవరు చెప్పారు? మనం చెప్పాం. ఏసీ గదిలో కూర్చుని 'నిజమో కాదో తెలీదు, వచ్చింది పంపుతున్నా' అని నమస్కారం బొమ్మ తగిలించి పంపిన మనమే. తెలీనప్పుడు ఎందుకు పంపావయ్యా? తెలీని మందు ఇంట్లో పిల్లాడికి తాగిస్తావా?

ఇక ఆ పాము. రెండో తల నిజంలా కనబడాలని తోక మీద కాల్చి, కోసి, కన్నూ నోరూ పెట్టే పాములోళ్లున్నారు. గాయం మానకముందే జనం మధ్య ఆడిస్తారు. మన పిల్లల్ని భుజానెక్కించుకుని మరీ చూపిస్తాం. పది రూపాయలు వేస్తాం. పాముకి పగ ఉంటుందని, పన్నెండేళ్లు గుర్తుపెట్టుకుంటుందని మనకు సినిమాలు చెప్పాయి. ఉండదు. ఉంటే బాగుండునని ఆ తోక చూసినప్పుడు అనిపిస్తుంది.

మా సెక్రటరీ గారి సర్క్యులర్ సంగతి చెప్పి వదిలేస్తాను. 'విషసర్పముల బెడద దృష్ట్యా' అని మొదలైంది. బాల్కనీల్లో కుండీలన్నీ ఆదివారం లోపు తీసెయ్యాలి. జాలీల్లో యాసిడ్ పొయ్యాలి. మెట్ల కింద ఫినాయిల్. నా మల్లెకుండీలు పదకొండు. ఆ పాము విషసర్పం కాదండీ అని సభలో లేచి చెప్పాను. 'మాస్టారూ, మీకేమైనా అయితే ఎవరిది బాధ్యత?' అన్నారు. నాకు ఏమీ కాదన్నాను. 'అదే, కాకూడదనే' అన్నారు. దీనికి జవాబు లేదు. చర్మవ్యాధుల డాక్టరు గారు నా పక్షాన మాట్లాడతారనుకున్నాను. ఆయన తన ఫోన్‌లో మగ్గు వీడియో ఇంకోసారి చూస్తున్నారు. యాసిడ్ పోసిన మర్నాడు మా కిందింటావిడ దగ్గుతో ఆసుపత్రికి వెళ్లింది. మా అపార్ట్‌మెంట్‌లో ఆ పాము వల్ల ఆసుపత్రికి వెళ్లింది ఆవిడ ఒక్కతే.

కుండీలు నేను తియ్యలేదు. జరిమానా వెయ్యమన్నాను, వేశారు, కట్టను.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోను.

'సార్, మీ అపార్ట్‌మెంట్‌లో ఐటెం ఉందంట కదా.'

ఉంది, కుండీలో ఉంటుంది అన్నాను.

'ఎవరికీ చూపించకండి సార్. మన దగ్గర పార్టీ ఉంది.'

పదిహేనేళ్ల ప్రశ్న. నా గుండె నిజంగానే కొట్టుకుంది. 'పార్టీని ఒక్కసారి చూపించు నాయనా' అన్నాను.

'ముందు ఐటెం ఫొటో పెట్టండి సార్.'

'ముందు పార్టీ ఫొటో పెట్టు.'

కాసేపు అవతల ఎవరితోనో గుసగుస. మళ్లీ లైన్లోకొచ్చాడు. పార్టీ రేపు ఉదయం ఫ్లైటుకి దిగుతున్నాడట, సైంటిస్టు గారు మాత్రం ఈ రాత్రికే బయల్దేరుతున్నారట, ఆయన దారి ఖర్చులకు ఐదు వేలు నన్ను ఇప్పుడే పంపమన్నాడు.